పాత బజారును బాగు చేయాలంటే: ప్లాన్ గీయకముందే చేయాల్సిన పనులు

మీ ఊళ్లోనూ ఒక పాత బజారు ఉండే ఉంటుంది. కింద దుకాణాలు, పైన కాపురాలు, వెనక సందులో చిన్న చిన్న కార్ఖానాలు, పెచ్చులూడిన గోడలు, వానొస్తే కారే మిద్దెలు. దాన్ని బాగు చేయాలని మున్సిపాలిటీ అనుకున్నా, వ్యాపారుల సంఘం అనుకున్నా, చాలా చోట్ల జరిగేది ఒకటే. మొదటి మీటింగ్‌లోనే ఎవరో ఒకరు రంగురంగుల త్రీడీ బొమ్మ తెచ్చి గోడకు అంటిస్తారు, ఇక అక్కణ్ణుంచి చర్చంతా ఆ బొమ్మ చుట్టూనే. అందులో కమానులుంటాయి, పూలకుండీలుంటాయి, మెట్ల కింద కూర్చుని తాళంచెవులు చేసే మనిషి మాత్రం ఉండడు.

దయచేసి ఆ బొమ్మను చివరికి నెట్టండి. ఎవరెవరు ఇక్కడే ఉంటారో ముందు కాగితం మీద తేల్చుకోవాలి, ఏ గోడ నిలబడుతుందో ఆ తర్వాత చూసుకోవాలి, బొమ్మ వాటి వెనక రావాలి. ఈ క్రమం తప్పితే కట్టడం మిగిలినా బజారు మిగలదు. నేను హైదరాబాద్ పాతబస్తీ ఉదాహరణలతోనే చెబుతాను, ఎందుకంటే ఈ చిక్కులన్నీ అక్కడ ఒకేచోట కనబడతాయి. విజయవాడ వన్‌టౌన్ వాళ్లకైనా, విశాఖ పాతపట్నం వాళ్లకైనా పద్ధతి ఇదే.

ఒక్క మాట ముందే చెప్పాలి. కింద అంగడి, పైన ఇల్లు అనే పద్ధతిని మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచేశాక, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి, అంటే అప్పటివాళ్లు ఆరాయిషె బల్దా అనేది, చార్మినార్ దగ్గర పత్థర్‌గట్టీని అలాగే కట్టించింది. రోడ్డు వెంట రాతి కమానుల వరస, దాని కింద దుకాణాలు, పైన ఇళ్లు. ఒకసారి వెళ్లి అక్కడ నిలబడి చూడండి, కమాను కింద నడిచేవాళ్లకు ఎండా వానా తగలకపోవడం, పై కిటికీల్లోంచి వీధి మీద ఒక కన్ను ఉండటం, ఇవన్నీ మీ ప్లాన్‌కు పనికొచ్చే పాఠాలే.

మొదట హద్దు గీసుకోండి, చిన్నగా

ఊరంతా ఒకేసారి బాగుచేస్తామని బయలుదేరిన పథకాలు ఫైళ్లలోనే ముసలివైపోతాయి. ఒక చౌరస్తా, దాన్ని ఆనుకున్న నాలుగైదు సందులు, అంతే. హద్దు గీసేటప్పుడు మెయిన్ రోడ్డు ముఖాన్ని మాత్రమే తీసుకుని వెనక సందుల్ని వదిలేయకండి. లాడ్‌బజార్‌లో గాజులు అమ్మేది ముందు దుకాణంలోనే, కానీ లక్క కరిగించి, చుట్టి, అద్దాలూ రాళ్లూ పొదిగే పని చాలామటుకు చుట్టుపక్కల గల్లీల్లో, ఇళ్లల్లో జరుగుతుంది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ముందు వీధికి రంగులేసి వెనక గల్లీని వేరే ప్రాజెక్టుకు వదిలేస్తే ఆ గుర్తింపు కాగితం మీదే మిగులుతుంది.

హద్దు గీశాక ఆ ప్రాంతాన్ని వేర్వేరు వేళల్లో నడవండి. తెల్లవారుజామున సరుకు దిగేటప్పుడు, మధ్యాహ్నం, రాత్రి షట్టర్లు దించాక, ఒకసారి సెలవు రోజున, ఒకసారి పెద్ద వాన పడుతున్నప్పుడు. వానరోజు నడక మానొద్దు, నీళ్లు ఎక్కడ నిలుస్తాయో ఏ సర్వే మ్యాపూ అంత స్పష్టంగా చూపించదు.

మూడు రిజిస్టర్లు రాయండి

ఒకటి కట్టడాలది. ప్రతి కట్టడానికీ నాలుగు వైపుల నుంచీ ఫొటోలు, కొలతలు, ఏ కాలంలో కట్టింది, ఏ పదార్థంతో కట్టింది, తర్వాత ఏమేం తగిలించారు. పగుళ్లున్న చోట పగులు మీద అడ్డంగా చిన్న గాజుముక్క అతికించి, తేదీ రాసి వదిలేయండి. కొన్ని నెలల తర్వాత గాజు విరిగితే పగులు కదులుతోందని అర్థం, విరగకపోతే అది పాతది, స్థిరపడింది. ఇంత చవకైన పరీక్ష చేయకుండానే "శిథిలం" అని ముద్రవేసి కూల్చేసిన ఇళ్లు ఎన్నో, తలుచుకుంటే బాధేస్తుంది.

రెండోది మనుషులది. ఇదే అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా ముఖ్యం. యజమానితో ఆగకండి. కిరాయిదారు, పగిడీ, అంటే మొదట్లోనే ఒక పెద్ద మొత్తం, ఇచ్చి తరాలుగా ఉంటున్నవాళ్లు, వాళ్ల దగ్గర మళ్లీ సగం కొట్టు తీసుకున్నవాళ్లు, పై గదిలో ఉండే విధవరాలైన మేనత్త, దుకాణంలోనే పడుకునే పనివాడు, మెట్ల కింద రిపేరు పెట్టుకున్నాయన, అరుగు మీద పూలమ్మే ఆమె, బండి మీద పళ్లు పెట్టుకునే అబ్బాయి, హమాలీలు. ఒక్కొక్కరి పేరు, ఎన్నాళ్లుగా ఉన్నారు, ఎంత జాగా, ఎంత కిరాయి, ఏ కాగితం ఉంది. కాగితం లేకపోతే "లేదు" అని రాయండి, మనిషిని మాత్రం జాబితాలోంచి తీసేయకండి. కరెంటు బిల్లు, పాత రసీదు, పక్క దుకాణదారు సాక్ష్యం ఏదైనా సరే నమోదు చేయండి. ఆడవాళ్లతో ఆడవాళ్లే మాట్లాడితే మంచిది, పైఅంతస్తుల్లో ఇంటి పనితో పాటు గాజుల పనో కుట్టుపనో చేసే చాలామంది మగవాళ్లు నింపిన ఫారాల్లో అసలు కనబడరు.

మూడోది వృత్తులది. ఎవరి సరుకు ఎవరి దగ్గర్నుంచి వస్తుంది, ఎవరి పని ఎవరి మీద ఆధారపడి ఉంది. లక్క పనికి నిప్పు కావాలి, పొగ పోయే దారి కావాలి. మిఠాయి కొట్టుకు వెనక పెద్ద పొయ్యి కావాలి. వెండిరేకు కొట్టేవాళ్ల దగ్గర రోజంతా సుత్తి చప్పుడు. వీటిని రాసుకోకుండా అన్ని కొట్లకూ ఒకే సైజు షట్టరు గదులు గీసేస్తే, కొత్త భవనం తెరిచిన రోజునే సగం వృత్తులకు తలుపులు మూసినట్టు.

కాగితాలు, చట్టాలు: టెన్షన్ పడకుండా వరసగా చూడండి

ముందు హక్కులు. పాత బజార్లలో ఒక గోడకు ఇటు వక్ఫ్ ఆస్తి, అటు పన్నెండు మంది వారసుల ఉమ్మడి ఆస్తి, పక్కన దేవాదాయ శాఖ జాగా ఉండటం మామూలే. ప్రతి ఇంటికీ లింకు డాక్యుమెంట్లు అంటే పాత యజమానుల నాటి దస్తావేజులు, ఈసీ అంటే ఆస్తి లావాదేవీలు చూపించే ధ్రువపత్రం, తీయించండి, కోర్టు కేసులున్నవి వేరుగా పెట్టండి. వక్ఫ్, దేవాదాయ భూముల్లో లీజుకు ఆ బోర్డుల, ఆ శాఖల అనుమతి తప్పనిసరి, కాబట్టి వాళ్లను మొదటి నెలలోనే కూర్చోబెట్టండి. చివర్లో ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, అడిగితే ఏళ్లు పడుతుంది. హక్కులు తేలని కట్టడాన్ని మొదటి విడతలో పెట్టకండి.

తర్వాత వారసత్వ నిబంధనలు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, ఉదాహరణకు చార్మినార్, దానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లు అనుమతితో మాత్రమే. 2010లో సవరించిన చట్టం ఇది. నిషేధిత పరిధిలో కూడా ఉన్న ఇంటికి మరమ్మతు అనుమతితో చేసుకోవచ్చు, చాలామందికి ఇది తెలియక ఇళ్లను కూలిపోయేదాకా వదిలేస్తున్నారు. తెలంగాణలో 2015 చివర్లో హుడా, అంటే పాత హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ, కాలం నాటి వారసత్వ నిబంధనను తీసేశారు, 2017లో రాష్ట్ర వారసత్వ చట్టం వచ్చింది. మీ కట్టడం పాత జాబితాలో ఉందా, ఇప్పటి రక్షిత జాబితాలో ఉందా, రెండింటిలోనూ విడిగా చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే 1960 నాటి పురావస్తు చట్టం కింద ఉన్న జాబితా. ప్రభుత్వమే కూల్చాలనుకున్నా అది అంతిమం కాదు. ఇర్రం మంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది.

ఇక చిల్లర వ్యాపారులు. 2014 వీధి వ్యాపారుల చట్టాన్ని ఒక ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. వీధి వ్యాపారుల సంగతి చూసే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, అందులో మూడో వంతు మహిళలు. జాగా ఖాళీ చేయించే ముందు 30 రోజుల నోటీసు ఇవ్వాలి. అంతకన్నా పెద్ద రక్షణ ఇంకోటుంది. యాభై ఏళ్లు దాటి ఒకేచోట సాగుతున్న సహజ బజార్లను వారసత్వ బజార్లుగా ప్రకటించాలని, అక్కడివాళ్లను తరలించకూడదని ఆ చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం తయారుచేసే పథకంలోనే ఉండాలి. మీ బజారుకు యాభై ఏళ్లు దాటాయని చూపించే పాత ఫొటోలు, రసీదులు, పాత పత్రికల కత్తిరింపులు ఇప్పటి నుంచే పోగుచేయండి.

హామీ పత్రం: ఇది లేకుండా ముందుకు కదలొద్దు

మలేషియాలోని పెనాంగ్‌లో జార్జ్‌టౌన్ అనే పాత నగరం ఉంది, అక్కడా కింద కొట్టు పైన ఇల్లు ఉన్న వరసలే. అక్కడి పాత అద్దె నియంత్రణ 1999 ఆఖరుతో ముగిసిపోయింది, అద్దెలు పెరిగి తరాలుగా ఉన్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. 2008లో ఆ ఊరికి యునెస్కో గుర్తింపు వచ్చింది. కట్టడాలు చక్కగా ఉన్నాయి, కేఫ్‌లు, హోటళ్లు వచ్చాయి, కానీ గుర్తింపు రావడానికి కారణమైన బతుకుల్లో చాలా భాగం అప్పటికే ఊరు దాటింది. మన దగ్గర అలా కాకూడదంటే రాత కావాలి.

ఒక పేజీ, తెలుగులోనూ ఉర్దూలోనూ, లేదా మీ బజారు మాట్లాడే భాషల్లో. జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరికీ విడిగా. అందులో ఇవి ఉండాలి: ఇదే సందులో తిరిగి జాగా ఇస్తాం, ఇప్పటి కొలత కన్నా తగ్గదు, కొట్టు ముఖం ఏ వైపుంటుంది, పని జరిగినన్నాళ్లు తాత్కాలిక కొట్టు ఎక్కడ, తిరిగొచ్చాక కిరాయి ఎంత, ఏటా ఎంతకు మించి పెరగదు, ఎన్నేళ్ల లీజు, గడువు తప్పితే నెలకు ఎంత పరిహారం. సంతకాలు, తేదీ, వీలైతే రిజిస్ట్రేషన్. "చూద్దాం భాయ్, మీకెందుకు, మేమున్నాం కదా" అన్న నోటిమాట మీద ఎవరూ షట్టర్ దించొద్దు. పెద్దమనుషుల మాట మీద గౌరవం లేక కాదు, ఆ పెద్దమనిషి బదిలీ అయిపోతే, పదవి దిగిపోతే ఎవర్ని అడుగుతారు?

మొజంజాహీ మార్కెట్ ఈ విషయంలో కొంత తేలికగా నడిచింది. 1930లలో కట్టిన ఆ రాతి మార్కెట్‌కు యజమాని జీహెచ్ఎంసీ ఒక్కటే. అడ్డదిడ్డంగా వేసిన రేకులు, బోర్డులు, పెయింటు తీసేసి, రాయిని శుభ్రం చేసి 2020 ఆగస్టులో తిరిగి తెరిచారు, ఐస్‌క్రీం కొట్లు అక్కడే ఉన్నాయి. మీ బజారులో యజమానులు యాభై మంది ఉంటే అంత తొందరగా అవుతుందని అనుకోకండి, హామీ పత్రాలకే ఏడాది పట్టొచ్చు. పట్టనివ్వండి.

ఏ అంతస్తులో ఏముండాలి

ఇప్పుడు గీయొచ్చు. కింద పాత కొట్లు, పని చప్పుడు, పొగ ఉన్న వృత్తులు వెనక వైపు నేల అంతస్తులో, పొగగొట్టంతో సహా. మొదటి అంతస్తులో దర్జీ, ఆఫీసు, క్లినిక్ లాంటివి. ఆపైన కాపురాలు. కాపురాలు తీసేసి అంతా దుకాణాలు చేస్తే కిరాయి ఎక్కువొస్తుందని ఎవరో ఒకరు లెక్క చూపిస్తారు. ఒప్పుకోకండి. రాత్రి తొమ్మిదయ్యాక దీపాలు వెలగని బజారులో ఆడపిల్లలు నడవలేరు, చిన్న మంట పుట్టినా చూసేవాళ్లుండరు.

ఎత్తు విషయంలో ఒకటే సూత్రం: పాత వరస పైఅంచు ఏ ఎత్తులో ఉందో కొత్తది వీధి వైపు దాన్ని దాటకూడదు, అదనపు అంతస్తు కావాలంటే వెనక్కి జరిపి కట్టండి. లోపలి వాకిలిని, అంటే నడుమ ఖాళీ జాగాను, మూసి గదులు చేయొద్దు. వెలుతురు, గాలి వచ్చేది అక్కణ్ణుంచే.

పనికొచ్చేవి, ఎవరూ గీయనివి కొన్ని చెబుతాను. ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి, రెండుచోట్ల. హమాలీలు కూర్చునే నీడ, మంచినీళ్లు. అంగన్‌వాడీ లేదా పనిచేసే తల్లుల పిల్లలకు ఒక గది. బస్తీ దవాఖానా. సరుకు దించే జాగా, దానికి వేళలు. బండ్లకు గీతలు గీసిన స్థలాలు. పార్కింగ్ కోసం పాత కట్టడాల కింద తవ్వే ఆలోచన మాత్రం ఎవరు చెప్పినా వినకండి, పునాదులు లోతు తక్కువ, పక్క గోడలు కూలతాయి. వాహనాలు బయటే, ఐదు నిమిషాల నడక దూరంలో.

మెట్లు, మంటలు

2025 మే 18 తెల్లవారి చార్మినార్ పక్కనున్న గుల్జార్ హౌజ్ దగ్గర జరిగింది గుర్తుండే ఉంటుంది. కింద దుకాణాలు, పైన కాపురం ఉన్న ఇంట్లో మంటలు, 17 మంది పోయారు, అందులో ఎనిమిది మంది పిల్లలు. లోపలికి వెళ్లేది ఒక్క ఇరుకు దారి, పైకి ఎక్కేది ఒక్క ఇరుకు మెట్లదారి. పాత ఇళ్లను కాపాడాలని రాసే నాలాంటివాళ్లు దీన్ని పక్కన పెట్టి మాట్లాడితే అది తప్పు. ఇలాంటి ఇళ్లు మన బజార్లలో వందలున్నాయి.

కాబట్టి ప్రతి కాపురానికీ రెండో దారి వెతకండి. కొత్త మెట్లకు జాగా లేకపోతే పక్కింటి డాబాకు తలుపు, ఇద్దరి మధ్య రాతపూర్వక ఒప్పందం, రెండువైపుల నుంచీ తాళం లేకుండా తెరుచుకునేలా. మెట్ల కింద మీటర్ల గుంపు ఉంటే వేరేచోటికి మార్చండి. వైరింగ్ మొత్తం మార్చి ప్రతి కొట్టుకూ విడి ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చి, లీకేజీ పట్టే బ్రేకర్ పెట్టండి. మూడు ఏసీలు పెట్టాక పాత వైరు ఆగదు. కొట్టుకూ ఇంటికీ నడుమ తలుపు మంటను కాసేపైనా ఆపేదై ఉండాలి. మెట్ల మీద అట్టపెట్టెలు పేర్చనని ప్రతి దుకాణదారు హామీ పత్రంలోనే సంతకం చేయాలి. ఫైరింజను ఏ సందు వరకు రాగలదో నిజంగా ఒకసారి పిలిపించి చూడండి, రాలేని చోట గోడకు నీటి పైపు, హోస్ రీలు.

గోడల సంగతి

పాత గోడకు సిమెంటు పూయకండి. డంగు సున్నంతో కట్టిన గోడ తడిని పీల్చి బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే తడి లోపలే ఇరుక్కుని, ఉప్పు పేరుకుని, కొన్నేళ్లలో ఇటుకే పొడైపోతుంది. బాగున్నట్టు కనబడే సిమెంటు పొర లోపల గోడ బోలుగా అవుతుంది, అందుకే తడితే డబడబ మోగుతుంది. సున్నం, ఇసుక, ఇటుక పొడి గానుగలో రుబ్బి, బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపే పద్ధతి తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు. 2013లో మొదలైన కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణలోనూ పాత సిమెంటు తీసేసి సున్నంతోనే పని చేశారు. పొరలు పల్చగా వేయాలి, ఒక్కో పొరను తడుపుతూ ఆరనివ్వాలి, నెలలు పడుతుంది. కాంట్రాక్టు గడువు దానికి తగ్గట్టు రాయండి, లేకపోతే మేస్త్రీ రాత్రికి రాత్రి సిమెంటు కలుపుతాడు.

మద్రాసు మిద్దెల్లో, అంటే టేకు దూలాల మీద ఇటుకా సున్నంతో వేసిన పైకప్పుల్లో, దూలాల నడుమ భాగం గట్టిగానే ఉంటుంది, కుళ్లేది గోడలో దూరిన చివర. అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. చివర మాత్రమే పోతే ఆ ముక్క కోసి కొత్త చెక్క అతకొచ్చు, మిద్దె అంతా తీయనక్కర్లేదు. అన్నట్టు, గోడల తడికి పెద్ద కారణం చాలాచోట్ల రోడ్డే. మీద మీద తారు పోసి పోసి రోడ్డు ఎత్తు అరుగుల్ని దాటిపోయింది, నీళ్లు ఇళ్లల్లోకి. పాత తారు గీకి తీశాకే కొత్తది వేయాలని వర్క్ ఆర్డర్‌లో రాయించండి.

డబ్బు ఎక్కడి నుంచి

లెక్క అర్థం కావడానికి ఊహించి చెబుతున్నాను. 60 పాత కొట్లు, సగటున నెలకు 1,500 కిరాయి, అంటే నెలకు 90 వేలు. వెనక్కి జరిపి కట్టిన పై అంతస్తులో 3,000 చదరపు అడుగులు కొత్తగా వచ్చి, అడుగు 60 రూపాయల లెక్కన ఇస్తే నెలకు 1 లక్షా 80 వేలు. పాతవాళ్ల కిరాయి పెంచకుండానే నెల రాబడి మూడింతలు. ఆ కొత్త రాబడిలో ఒక వంతును మరమ్మతుల ఖాతాలో విడిగా వేయాలని మొదటే రాసుకోండి. కట్టుకునే హక్కున్నా వారసత్వం కోసం కట్టకుండా ఆగిన యజమానికి టీడీఆర్, అంటే ఆ కట్టుకునే హక్కును వేరేచోట వాడుకోవడానికో అమ్ముకోవడానికో ఇచ్చే పత్రం, ఇస్తారేమో మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగంలో అడగండి. అది దొరికితే యజమాని కూల్చాలన్న ఒత్తిడి సగం తగ్గుతుంది. మొత్తం జాగా ఒక్క బిల్డరుకు అప్పగించే ఒప్పందం మాత్రం, ఎంత ఆశ చూపినా, వద్దు. అదనపు అంతస్తులు అమ్ముకుంటేనే ఆయనకు లాభం, కాబట్టి ఎత్తు పెంచమని మీ మీదే ఒత్తిడి వస్తుంది.

పని విడతలు

ముందు తాత్కాలిక కొట్లు కట్టండి, తర్వాతే మొదటి షట్టరు దించండి. ఒకసారి ఒక్క సందు. రంజాన్ నెల, దసరా, పెళ్లిళ్ల సీజన్‌లో పని ఆపేయండి, ఏడాది సంపాదనలో పెద్ద భాగం ఆ రోజుల్లోనే. డ్రైనేజీ, నీళ్లు, కేబుళ్లు అన్నీ ఒకే తవ్వకంలో. వారానికోసారి సందు మొగలో బోర్డు మీద ఈ వారం ఏ పని, ఎవరు బాధ్యులో రాయండి.

తెరిచాక

పాతవాళ్లు, కొత్తవాళ్లు, బండివాళ్లు, పైఅంతస్తుల వాళ్లు అందరికీ చోటున్న కమిటీ ఒకటి ఉండాలి. బోర్డుల సైజు, ఏసీ యంత్రాలు వీధి వైపు వేలాడకుండా వెనక్కి పెట్టడం, అరుగుల మీద సామాను ఎంతవరకు, ఇవి ఆ కమిటీ చూసుకుంటుంది. మరమ్మతుల ఖాతా లెక్క ఏటా అందరి ముందూ చదవాలి.

ఏటా మే నెలలో, తొలకరికి ముందు, ఒక రోజు మొత్తం కట్టడాలన్నీ ఎక్కి చూడండి. మిద్దె మీద నీళ్లు పోయే గొట్టాలు తీసి కడగండి, గాజుముక్కలు పెట్టిన పగుళ్లు చూసి తేదీతో రాయండి, రెండో దారి తలుపులు తెరుచుకుంటున్నాయో లేదో తీసి చూడండి. గోడల్లో రావి మొక్క మొలిస్తే పైపైన తుంచకండి, వేరు ఉండి మళ్లీ వస్తుంది. వేరు దాకా సున్నం తవ్వి, వేరు తీసి, ఆ కన్నాన్ని మళ్లీ సున్నంతోనే నింపండి.